ఈ ఫైలును మరొకరు వాడుతున్నారు

ఇటిక్యాల దగ్గర ఒక చర్చి, పొద్దున పదకొండు గంటలు. పెండ్లి ఫొటోలు తీయడానికి ఆత్మకూరు నుంచి వచ్చిన వెంకటన్న ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది, అతని ల్యాప్‌టాప్‌కు ప్రోగ్రాం రాసిచ్చిన సుప్రియ.

"మైకుల గూడ చెప్పించిన సుప్రియమ్మా, ఎవ్వడు వదుల్తలేడు!"

"ఏం వదలాలె వెంకటన్నా? జర నిమ్మళంగ చెప్పు."

"ఫైలు! నా ఫైలు ఎవడో పట్టుకున్నడు. నేనంటలేను, నీ ప్రోగ్రామే అంటుంది. ఇగో, సదువుతున్న విను. 'ఈ ఫైలును మరొకరు వాడుతున్నారు. తొలగించుట సాధ్యము కాదు.' ఎర్రగ వస్తుంది. ఒక్కసారి గాదు, ఫొటో ఫొటోకు వస్తుంది."

"అయితే మైకుల ఎందుకు చెప్పిస్తివి?"

"ఎందుకంటవేంది? మరొకరు అంటే ఎవలు? నేనైతే కాదు గద! చర్చిల మూడువందల మంది ఉన్నరు. ఒక్కొక్కల్ని పోయి అడుగుతనా? పాస్టర్ ప్రభుదాసయ్యను బతిలాడుకున్న. 'వెంకటన్న గారి ఫైలును ఎవరైనా వాడుతున్నట్లయితే దయచేసి విడిచిపెట్టగలరు' అని రెండుసార్లు చెప్పిండు పాపం."

"ఆ, విన్న."

"ఏంది?"

"అంటే, నువ్వు చెప్తుంటే వింటున్న అంటున్న. జనం ఏమన్నరు మరి?"

"ఏమంటరు, ఆడోళ్లు సంచులు దులిపి చూపెట్టిరి. నాగన్న అని ఒక పెద్దమనిషి భూమి కాగితాలున్న ఫైలు తెచ్చి నా చేతుల పెట్టిండు. 'ఇది నాదే నాయనా, అయినా నీకేమన్న అనుమానముంటే చూసుకో' అన్నడు. నాకు సిగ్గయింది. కాని నా అనుమానమంతా సాంసన్ మీదనే."

"సాంసన్ ఎవలు?"

"వీడియో తీసేటోడు, గద్వాలోడు. పెండ్లికొడుకు దిక్కోళ్లు నన్ను పిలిచిరి, పెండ్లికూతురు దిక్కోళ్లు వాణ్ణి పిలిచిరి. పొద్దున్నుంచి నా ల్యాప్‌టాప్ దిక్కే చూస్తుండు. అందుకే వాని బ్యాగు తాళం గుంజుకున్న. ఫైలు ఇడిస్తే తాళం ఇస్త అన్న."

"అయ్యో అన్నా, ఇచ్చెయ్యి! ఆయన కెమెరా దాంట్లనే ఉంటది గద. వీడియో ఎట్ల తీస్తడు?"

"తియ్యకపోతే నీకేంది?"

"నాకేం లేదు. ఇచ్చెయ్యి ముందు."

"ఇస్తతియ్. నువ్వు నా సంగతి జూడు. కెమెరాల కార్డు నిండిపోయింది, ఇంకో కార్డు ఇంట్ల మరిసొచ్చిన. ఒక్క ఫొటో గూడ పట్టదు. నువ్వేమంటివి? 'అన్నా, కార్డు పెట్టి ఒక్క బటన్ కొట్టు, ఫొటోలు ల్యాప్‌టాప్‌ల ఎక్కుతయి, ఎక్కినయి ఎక్కినట్టు కార్డుల కెళ్లి పోతయి, కార్డు ఖాళీ' అంటివి."

"అన్న."

"పెన్‌డ్రైవులనే ఉంటది, ఏ కంప్యూటర్‌కు పెట్టినా నడుస్తది అంటివి."

"అన్న. నా దాంట్ల నడిచింది."

"నీ దాంట్ల నడిస్తే ఈ పెండ్లి అయితదా? నీ ముఖం గూడ నేను చూడలె చెల్లె. వనపర్తిల బస్సు కండక్టర్ చేతికి పెన్‌డ్రైవు ఇచ్చి పంపిస్తివి, ఫోన్ల మాట నమ్మి తీసుకున్న. ఇయ్యాల నా పరువు పోతుంది."

"పోదు. నువ్వు పరేషాన్ కాకు. నాకు ఒకటే చెప్పు, కార్డుల ఎన్ని ఫొటోలున్నయి?"

"నాలుగువందల పైన. నిన్న పెండ్లికూతురు ఇంటికాడ తీసినయి, పొద్దున ప్రార్థనయి."

"ఎన్నోదాని దగ్గర ఆగింది?"

"రెండువందల యాభై కాడ. దాని తర్వాత ఎక్కుడే బంద్... ఛీ, ఆ మాట నా నోట్ల రావొద్దు. ఎక్కుడే లేదు."

"రెండువందల యాభై. ఒక్కోదానికి రెండు. ఐదువందలు... ఐదువందలు... అన్నా! దొంగ దొరికిండు!"

"సాంసనేనా?"

"కాదు."

"మరి పెండ్లికొడుకు బామ్మర్ది? వాడు గూడ ఒకసారి వచ్చి వంగి చూసిండు."

"ఎవ్వలు కాదన్నా, మన ప్రోగ్రామే. ఫొటో ఎక్కించాలంటే అది కార్డుల ఒక ఫైలు తెరుస్తది, ల్యాప్‌టాప్‌ల ఒకటి తెరుస్తది. పనయినంక రెండింటిని మూయాలె. తెరుస్తుంది గని మూస్తలేదు. అన్నింటిని చేతుల పట్టుకొని కూసున్నది. తీసేద్దామంటే తనే పట్టుకొనున్నది గద, ఎట్ల పోతది? ఐదువందలు పట్టుకున్నంక ఇంక తెరుద్దామన్నా కంప్యూటర్ తెరవనియ్యదు."

"అంటే ఆ మరొకరు..."

"మనమే."

"మనమే మరొకరా?"

"మనమే అన్నా."

"పాస్టరయ్యకు ఏమని చెప్పాలె ఇప్పుడు? మల్ల మైకుల చెప్పమంటనా, 'వెంకటన్న ఫైలును వెంకటన్నే వాడుతున్నాడు' అని?"

"నవ్వియ్యకు. నేనిక్కడ నవ్వొద్దు."

"ఎందుకు నవ్వొద్దు? యాడున్నవు నువ్వు?"

"నేను గూడ ఒక పెండ్లికాడనే ఉన్న. మా ఇంటోళ్లదే. ముఖం మీద నూరు మంది కండ్లున్నయి, నవ్వితే బాగుండదు."

"అవునా? మరి చెప్పొద్దా? మల్ల ఫోన్ జేస్తుంటి గద."

"వద్దొద్దు, ఇప్పుడే కావాలె. నీ పని కాకపోతే నా పని గూడ కాదు... ఆ వస్తున్న అత్తా, ఒక్క నిమిషం. నిన్ను కాదన్నా, నువ్వుండు."

"సరే గని ఒక్కటి చెప్పు. నీ దాంట్ల ఎట్ల నడిచింది మరి?"

"నా కంప్యూటర్ తీరు వేరే. ఫైలు తెరిచి పట్టుకున్నా గూడ, తీసెయ్యి అంటే తీసేస్తది. నీది విండోస్. చేతుల ఉన్నదాన్ని తియ్యనియ్యదు. నేను నా దాంట్ల పది ఫొటోలు పెట్టి చూసి, అయింది అనుకున్న. నీ అసుంటి ల్యాప్‌టాప్‌ల ఒక్కసారన్న చూడాల్సుండె. తప్పు నాదే."

"తప్పు నీదంటే నా కార్డు ఖాళీ అయితదా? ఇంత సదువుకున్నదానివి, తెరిచినంక మూయాలని తెల్వదా? మా ఇంట్ల మేక దొడ్డి తలుపు గూడ..."

"తెల్సు! మూసుడు రాసిన. నువ్వే తీసెయ్యమంటివి."

"నేనా? నేనెప్పుడన్న?"

"మొదటి రోజు యాదికి చేస్కో. ఫొటో ఎక్కినప్పుడల్ల తెర మీద ఏమొస్తుండె?"

"ఏమొస్తుండె... ఓరి దేవుడా. 'మూసేసిన'."

"ఆ."

"అది గాదమ్మా, నా బాధ గూడ జూడు. కొత్త దుకాణం తెరిచిన నాడు! కొబ్బరికాయ కొట్టి ఆ చెక్క ఇంక చేతుల ఉండంగనే, పది మంది పెద్దమనుషుల ముంగట, తెర మీద 'మూసేసిన, మూసేసిన, మూసేసిన' అని వరుసబెట్టి వస్తే పానం ఎట్లుంటది? మా ఆమె అక్కడనే ఏడ్చింది. మా బాలయ్య మామ 'శుభం పలికిందిరో నీ మిషిని' అని ఎకసెక్కం చేసిండు."

"అందుకే నువ్వు ఫోన్ జేసి, 'ఆ లైను ఇప్పుడే తీసెయ్యి, ఆ మాట నా దుకాణంల ఇంకోసారి కనవడొద్దు' అంటివి. నేను బస్సుల ఉన్న, తొందరల తీసేసి పంపిన. ఫైలు మూసుడు, మూసేసిన అని చెప్పుడు, రెండు ఒకటే లైన్ల ఉండె. మాట తీసేద్దామని లైను తీసేసిన, పని గూడ పోయింది."

"మాటతోని పనే పోయిందా!"

"ఆ తర్వాత 'మూసివేయి' బటన్ గూడ తీసేయిస్తివి."

"దానికి నువ్వు 'పోయిరా' అని పెడ్తనంటివి, అది ఇంక అపశకునం ఉండె చెల్లె."

"సరే, జరిగింది జరిగింది. పాస్టరయ్య ఎంత టైమిచ్చిండు?"

"ఎక్కడిది టైము! పన్నెండింటికి పెండ్లికూతురును లోపలికి తోల్కొస్తరట. చెల్లె, నాకొక ఉపాయం వచ్చింది. కార్డు కెమెరాల పెట్టి మొత్తం తుడిచేస్త. నిన్న ఇంటికాడ తీసినయే గద, ఎవలు అడుగుతరు? అసలు పెండ్లి ముఖ్యం."

"వద్దు!"

"ఎందుకట్ల ఒర్లుతవు? చెవు పోయింది నాకు."

"వద్దన్నా. నీకు దండం పెడ్త. ఒక్క ఫొటో గూడ తియ్యకు. రెండువందల యాభై దాటినయి ఇంక ఎక్కలె గద. తుడిస్తే మల్ల రావు."

"పోతేంది? నిన్నటియి ఏముంటయి, పందిరి, వంటలు, పిల్లలు... అయినా ఒకటుంది గని. పోతే పాపమే."

"ఏది?"

"పెండ్లికూతురు నాయనమ్మది. భాగ్యమ్మ అని ముసలామె. కెమెరా జూస్తే కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి ఉరుకుతది. నిన్న మనుమరాలు ఏం జెప్పి ఒప్పించిందో గని, పక్కకొచ్చి కూసున్నది. ఒకటే ఒకటి దిగింది. మల్ల పిలిస్తే రాలె."

"ఆమెకు కెమెరా అంటే భయమన్నా. పెనిమిటి డ్యాం పనికి పోయి పీనుగై వస్తే, అప్పుడు తీసిన ఫొటో ఒక్కటే ఆ ఇంట్ల ఉన్నది. బతికున్నప్పటిది ఒక్కటి లేదు. ఫొటో తీసుడంటే సచ్చినంక తీసుడే అనుకుంటది ఆమె."

"అగో, నీకెట్ల తెల్సు?"

"నువ్వే అంటివి గద."

"నేనెప్పుడన్న? నేను కొంగు అడ్డం అన్న, ఇంతే."

"ఊర్లల్ల ముసలోళ్లు అందరు అట్లనే ఉంటరన్నా. ఆ ఫొటో నెంబరెంతో జూడు ముందు."

"ఉండు... మూడువందల పన్నెండు."

"అంటే ఎక్కలె. కార్డుల తప్ప యాడ లేదు. అన్నా, నీ సొంత చెల్లె అడుగుతుందనుకో, ఆ ఫొటో పోవద్దు. మనం ప్రోగ్రాంను మంచిగ చేసి ఎక్కిద్దాం. నా చేతులకు బట్ట తొడిగిండ్రు, నేను రాయలేను. నువ్వే రాయాలె."

"నేనా? నేను పేరు కొట్టాలంటేనే పది నిమిషాలు పడ్తది! చేతులకు ఏమైంది నీకు?"

"ఏం గాలె. తెల్లటి గ్లౌజులు తొడిగిండ్రు, తీస్తే తిడ్తరు. నువ్వు ముందు ప్రోగ్రాంను మూసెయ్యి."

"సుప్రియమ్మా!"

"ఏందన్నా?"

"పెండ్లి ముంగట పెట్టుకొని ఆ మాటెందుకు? ఇంకో మాట లేదా?"

"సరే, ప్రోగ్రాంను పండవెట్టు. ఆల్ట్ అని ఉంటది జూడు, అది ఒత్తిపట్టి పైన ఎఫ్ నాలుగు కొట్టు. అన్ని ఫైళ్లు వదిలేస్తది."

"కొట్టిన. పోయింది. పొద్దున్నుంచి ఇంత చిన్న పనికి నేను నాగన్న భూమి కాగితాలు చూసిననా?"

"ఇప్పుడే అయిపోలే. మల్ల షురూ చేస్తే మల్ల రెండువందల యాభై కాడనే ఆగుతది. పెన్‌డ్రైవుల 'కార్డు' అని ఫైలుంటది, నోట్‌ప్యాడ్ల తెరువు."

"తెరిచిన. అబ్బా, ఏందిది, అన్ని చీమలు పారినట్టున్నది."

"కిందికి రా. 'కాపీ' అని ఒక లైనుంటది, దాని కింద 'డిలీట్' అని ఉంటది. ఆ రెండింటి నడుమ ఎంటర్ కొట్టు. జాగా దొరికిందా?"

"దొరికింది."

"ఇప్పుడు రాయి. ఎస్, ఆర్, సి. చుక్క. సి, ఎల్, ఓ, ఎస్, ఇ."

"ఎస్... ఆర్... సి... చుక్క... సి, ఎల్... ఓ... చెల్లె, ఇది క్లోజ్ గద?"

"అవు."

"అంటే మూసుడే గద!"

"ఇంగ్లీషుల ఉంది అన్నా, పెండ్లోళ్లకు అర్థం గాదు. కొట్టు."

"పాస్టరయ్య ఇటే చూస్తుండు."

"చూడనియ్యి. తర్వాత బ్రాకెట్ తెరువు, బ్రాకెట్ మూ... రెండోది గూడ పెట్టు."

"అన్నవు, అన్నవు మల్ల! పెట్టిన."

"పై లైను ఎక్కడ మొదలైతదో ఇది గూడ సరిగ్గ అక్కడనే మొదలు గావాలె. జర ఇటు జరిగినా అటు జరిగినా ఒప్పుకోదు."

"బంతిల కూసున్నట్టు కూసోబెట్టిన. అయిందా?"

"ఒకటయింది. దాని కింద ఇంకోటి. డి, ఎస్, టి, చుక్క, మల్ల అదే మాట. ఒకటి కార్డుదానికి, ఒకటి ల్యాప్‌టాప్‌దానికి."

"రెండుసార్లా! ఒక్క పెండ్లిల రెండుసార్లు నా చేతులతోని... సరే, సరే. డి... ఎస్... ఏందా సప్పుడు నీ దిక్కు? గాజులా?"

"గాజులే. నువ్వు రాయి."

"రాస్తున్న... అయినా నేనెందుకు ఇంత ఆగమవుతున్ననో తెల్వదు, ఆడ పెండ్లికూతురే తయారు గాలేదట. చర్చి పేరు హెప్సిబా అట, ఇంట్ల ఏమని పిలుస్తరో. అర్ధగంట నుంచి పక్క గదిలనే ఉంది, బయటికి వస్తలేదు. ఏం చేస్తుందో తెల్సా?"

"ఏం చేస్తుంది?"

"ఫోన్ మాట్లాడుతుందట!"

"అట్లనా?"

"ఎవనితోనో ఏమో! పెండ్లికొడుకు తల్లి ముఖం మాడ్చుకొని కూసున్నది. గీ కాలం పిల్లలకు పెండ్లి నాడు గూడ ఫోనేనా? నువ్వే చెప్పు."

"ఏదన్న అక్కరుండొచ్చు గదన్నా."

"పెండ్లి కంటె అక్కరేముంటది? నిన్న జూస్తే మంచి పిల్లనే అనిపించింది. మాటనే మాట్లాడదు. ఇటు జూడమ్మా అంటే తల ఊపుతది, నవ్వమ్మా అంటే తల ఊపుతది. నేను మూగదేమో అనుకున్న."

"మాట్లాడితే గొంతు గుర్తు పట్టి, పెండ్లి పందిట్లనే పని చెప్తరని భయమేమో."

"ఎవలు గుర్తు వడ్తరు?"

"ఏం లేదు. సేవ్ చేసినవా? షురూ చెయ్యి."

"చేసిన. ఎక్కుతున్నయి... ఎర్రది రాలె! ఒకటి, రెండు... చెల్లె, ఎక్కింది ఎక్కినట్టు కార్డుల కెళ్లి పోతుంది! మరి 'మూసేసిన' అని వస్తలేదేంది?"

"ఈసారి మూస్తది గని సప్పుడు చెయ్యదు."

"గిట్ల మొదలే చేస్తే అయిపోతుండె గద! నూరు దాటింది... నూటయాభై... రెండువందలు..."

"రెండువందల యాభై కాడ జూడు. ఆగితే చెప్పు."

"రెండువందల నలభై... యాభై... చెల్లె..."

"ఆగిందా?"

"దాటింది! పోతనే ఉంది! మూడువందలు!"

"మూడువందల పన్నెండు వచ్చినంక, ల్యాప్‌టాప్‌ల ఆ ఫొటో తెరిచి చూడు. పేరు జూసి ఊకోకు, ముఖం జూసి చెప్పు."

"వచ్చింది. తెరుస్తున్న... ఉంది. మంచిగుంది. మనుమరాలు ఈమె చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ముసలామె కెమెరా దిక్కు చూస్తలేదు, మనుమరాలి దిక్కు జూసి నవ్వుతుంది. పై పన్ను ఒకటి లేదు. హలో? సుప్రియమ్మా? లైన్ల ఉన్నవా?"

"ఉన్న."

"ఏడుస్తున్నవా?"

"లేదు. ఏడిస్తే మల్ల గంట సేపు కూసోవెట్టి ముఖానికి రాస్తరు."

"ఎవలు రాస్తరు? ఏం మాట్లాడుతున్నవో నాకు తెల్వదు గని, నువ్వు నా పరువు కాపాడినవు తల్లీ. కార్డు ఖాళీ అయింది. సాంసన్‌కు తాళం గూడ ఇచ్చేసిన, తిట్టుకుంట తీసుకున్నడు. కార్డు కెమెరాల పెట్టిన. ఇగో, పాట షురూ చేసిండ్రు, అందరు లేస్తుండ్రు. పెండ్లికూతురును నాయన యోసేపు తోల్కొని వస్తుండట. నేను నడుమ దారిల నిలబడ్డ. ఎట్లున్న, మంచి జాగానే గద?"

"ఆ జాగా వద్దన్నా."

"నీకేం కనవడుతుందని? తలుపుకాడికి వచ్చేసిండ్రు. తెల్ల చీర, ముసుగు... చెవుల ఏందో వైరు గూడ పెట్టుకున్నట్టున్నది పిల్ల. ఫోన్ పెడ్త చెల్లె, నువ్వు గూడ మీ ఇంటోళ్ల పెండ్లి చూసుకోపో."

"పెట్టకు. ఒక్క మాట."

"ఇంకేముంది? జల్ది చెప్పు, ఆమె నా దిక్కే చూస్తుంది!"

"వెంకటన్నా, జర పక్కకు జరుగు. మా నాయనమ్మ నీ వెనుకనే కూసున్నది, నేను లోపలికి వచ్చేది ఆమెకు కనవడాలె."